తువ్వాలు కింద కడుపునొప్పి

లక్ష్మీనరసింహారావు లాంటి తోడల్లుడు పగవాడికి కూడా ఉండకూడదని హనుమయ్య రోజూ పొద్దున్నే పళ్ళు తోముకుంటూ అనుకుంటాడు. దేవుడికి దండం ఆ తర్వాతే.

కారణం లేకపోలేదు. మామగారు పోయే ముందు ఆగిరిపల్లి దగ్గరున్న మామిడి తోటని ఇద్దరు కూతుళ్ళకీ చెరి మూడెకరాల నలభై సెంట్ల చొప్పున రాసిచ్చారు. పెద్దకూతురు ప్రమీలారాణి హనుమయ్య భార్య. చిన్నకూతురి మొగుడే ఈ లక్ష్మీనరసింహారావు. తన భాగం కాయ తను కోసుకుని ఊరుకోవచ్చుగా? ఊరుకోడు. నూజివీడులో మామిడి వ్యాపారం పెట్టాడు. ఏటా కాయ చెట్టు మీద ఉండగానే హనుమయ్య కాపు మొత్తం తనే కొంటాడు. కొన్న ప్రతిసారీ "నష్టపోయాను అన్నయ్యా" అని ఏడుస్తాడు. ఏడ్చిన ప్రతిసారీ ఒక కొత్త బండి కొంటాడు.

కిందటేడు పొగమంచు పడిందన్నాడు, పూత పడిపోయిందన్నాడు, మార్కెట్టు పడిపోయిందన్నాడు. అన్నీ పడేసి కాపంతా లక్షా ఎనభై వేలకి కొట్టేశాడు. ఆ ఏడు పడనిది అతని పొట్ట ఒక్కటే.

"ఈ ఏడు మూడు లక్షలకి పైసా తగ్గితే నేను హనుమయ్యని కాదు" అని భార్య ముందు శపథం చేశాడు.

"మరి అప్పుడు మిమ్మల్ని ఏమని పిలవాలండీ?" అంది ప్రమీలారాణి కూర తరుగుతూ.

ఏడో క్లాసులో లెక్కల మాస్టారితో గొడవపడి బడి మానేసినప్పుడు కూడా హనుమయ్య ఇంత గట్టిగా శపథం చెయ్యలేదు. సరిగ్గా ఆ వారమే ఆయన కడుపు చెడింది.

చెడక ఏం చేస్తుంది? ప్రమీలారాణి రోజూ నీళ్ళు కాచి చల్లార్చి బాటిల్లో పోసి ఇస్తుంది. బాటిల్ నీళ్ళు ఉద్యోగస్తులు తాగాలి గానీ రైతు తాగితే నామోషీ అని హనుమయ్య నమ్మకం. అందుకని ఆ కాచిన నీళ్ళతో కాళ్ళు కడుక్కుని, తోటలో సిమెంటు తొట్టి నీళ్ళు దోసిలితో తాగేవాడు. ఆ తొట్టిలో కోతులు జలకాలాడతాయి. అవి ఇంకేం చేస్తాయో హనుమయ్య ఎప్పుడూ ఆలోచించలేదు.

మొదట్లో నీళ్ళ విరేచనాలు. తర్వాత బొడ్డు చుట్టూ మెలిపెట్టి తిప్పే నొప్పి. ఎవరో లోపల కూర్చుని తడిబట్ట పిండుతున్నట్టుండేది. రెండు రోజులు తగ్గినట్టే తగ్గి, మజ్జిగ పులుసు వాసన తగలగానే మళ్ళీ మొదలయ్యేది.

ఆసుపత్రికి పోవచ్చు. కానీ పోకూడదు. ఎందుకంటే లక్ష్మీనరసింహారావుకి ఒక అలవాటుంది. ఏ రైతైనా ఆసుపత్రిలో చేరాడని తెలిస్తే చాలు, బత్తాయిల సంచీతో పరామర్శకి వెళ్తాడు. "పాపం" అంటాడు, దుప్పటి సర్దుతాడు, బేరం ఎత్తుతాడు. మంచాన పడ్డ మనిషి ఎంతంటే అంతకి ఒప్పుకుంటాడు. ఆ మధ్య కాలు విరిగిన రైతొకాయన పిండికట్టు ఆరకముందే తోట కాపు అమ్ముకున్నాడు.

"బేరం అయ్యేదాకా ఆసుపత్రి గడప తొక్కను. విషయం ఇంట్లో కూడా తెలియనివ్వను" అనుకున్నాడు హనుమయ్య. ప్రమీలారాణికి చెబితే చెల్లెలికి ఫోన్ చేస్తుంది, చెల్లెలు మొగుడికి చెబుతుంది, మొగుడు బత్తాయిలు కొంటాడు.

అందుకని ఒక పథకం వేశాడు.

"తోట మీద కోతులు పడుతున్నాయే. పగలంతా అక్కడే ఉండాలి."

"ఇంకా తీపి ఎక్కని కాయలకి కోతులెందుకొస్తాయండీ?"

"వాటికి పుల్లటివి తినాలని మనసైంది."

"అన్నిటికీ ఒకేసారా?"

హనుమయ్య చెంబు తీసుకుని స్కూటర్ ఎక్కాడు.

"కోతుల్ని తోలడానికి కర్ర పట్టుకెళ్తారు గానీ చెంబెందుకండీ?"

అప్పటికే స్కూటర్ మలుపు తిరిగింది. మామూలుగా కాళ్ళు పడిపోయేలా తన్నితే గానీ కదలని బండి, యజమాని కష్టం తెలిసినట్టు ఆ రోజుల్లో ఒక్క కిక్కుకే లేచేది.

తోటలో ఏ చెట్టు ఎంత కాసిందో హనుమయ్యకి అంతకు ముందు సరిగ్గా తెలిసేది కాదు. ఇప్పుడు బంగినపల్లి చెట్ల వెనకా, చిన్న రసాల వెనకా, కలెక్టరు కాయల చెట్ల వెనకా కూర్చుని కూర్చుని, కొమ్మ కొమ్మనీ పైకి చూసే తీరిక దొరికింది. కాపు బ్రహ్మాండంగా ఉంది. మూడు లక్షలు అడగడం న్యాయమేనని ఆయనకి అక్కడే రూఢి అయింది.

నొప్పి ఎక్కువైన రోజున ఆగిరిపల్లిలో మనోజ్ మందుల షాపుకి వెళ్ళాడు.

"విరేచనాలు టక్కున ఆగిపోయే బిళ్ళలివ్వరా."

"ఎవరికి బాబాయ్?"

హనుమయ్య అటూ ఇటూ చూశాడు. షాపు ముందు ఒక కుక్క పడుకుని ఉంది.

"మా కుక్కకి."

"కుక్కకి మనుషుల బిళ్ళలేంటి బాబాయ్?"

"అది అచ్చం మనిషిలాంటిదేరా."

మనోజ్ తల గోక్కున్నాడు. "జ్వరం ఉందా దానికి? రక్తం పడుతోందా? అలాగైతే ఈ బిళ్ళ వెయ్యకూడదు. డాక్టరుకి చూపించాలి."

"ఏమీ లేదు. రాయిలా ఉంది."

"ఎన్నాళ్ళనుంచి?"

"కుక్కలకి క్యాలెండరుంటుందా? ఇవ్వరా బాబూ!"

బిళ్ళ వేసుకున్నాక విరేచనం ఆగింది. కానీ పొట్ట డప్పులా ఉబ్బింది. మర్నాడు, ఆగినదంతా వడ్డీతో సహా బయలుదేరింది. హనుమయ్య మళ్ళీ బిళ్ళ వేశాడు. పోరు అలా సాగుతూ ఉండగా ఆయన పంచె ముడి బొడ్డు దగ్గర్నుంచి పక్కకి, పక్కనుంచి వెనక్కి జరిగింది. చేతి గడియారం మోచేతి దాకా పాకింది.

ప్రమీలారాణి గమనించకపోలేదు. అన్నంలో ఆవకాయ వడ్డిస్తే వద్దన్నాడు. అనుమానం వచ్చింది. కోడి కూర వండితే చారు చాలన్నాడు. అనుమానం పెరిగింది. ఒకనాడు "మా చెల్లెలి మొగుడు మంచివాడే" అని ఆవిడ కావాలని అంటే, "ఆఁ" అని ఊరుకున్నాడు. మొగుడికి ఏదో పెద్ద జబ్బే వచ్చిందని ఆవిడకి అప్పుడు ఖాయమైంది.

అదే సాయంత్రం మోకాళ్ళ నొప్పుల నూనె కోసం మనోజ్ షాపుకి వెళ్ళింది. తిరిగొచ్చి, మొగుడికి మెత్తగా కలిపిన పెరుగన్నం పెట్టి, ఎదురుగా కూర్చుంది.

"ఏమండీ, మన కుక్క అన్నం తిందా?"

హనుమయ్య చేతిలో ముద్ద ఆగిపోయింది. "మనకి కుక్కెక్కడిదే?"

"నేనూ మనోజ్‌ని అదే అడిగాను. మీకు తెలీదా పిన్నీ, దానికి రెండు వారాల పైనుంచి విరేచనాలు, బాబాయి వారానికి రెండుసార్లు బిళ్ళలు పట్టుకెళ్తున్నాడు అన్నాడు. పాపం, మీ కుక్క చెంబు కూడా పట్టుకెళ్తోంది కదండీ తోటకి?"

ఇక దాచి లాభం లేదు. హనుమయ్య ముద్ద పళ్ళెంలో పెట్టేశాడు. "చిన్న అజీర్తి. అదే పోతుంది."

"చిన్నదైతే రెండు మూడు రోజుల్లో పోవాలి. రెండు వారాలు దాటి ఉంటే అది చుట్టం కాదు, అద్దెకి దిగినట్టు. రేపు పొద్దున్నే పెద్దాసుపత్రికి పదండి."

"బేరం వచ్చే శుక్రవారం. అది అయ్యాక."

"ప్రాణం కంటే బేరం ఎక్కువా?"

"ఆసుపత్రిలో చేరితే మీ మరిది బత్తాయిలతో వస్తాడే! మంచం మీదే నా గొంతు కోస్తాడు!"

"గొంతు ఉండాలిగా, కొయ్యడానికి!"

"నేను రాను."

"మీరొస్తారు."

"ఈడ్చుకెళ్ళు చూద్దాం."

"ఇప్పుడు మీరున్న బరువుకి అదేమంత కష్టం కాదు."

ప్రమీలారాణి లేచి వెళ్ళింది. వంటింట్లో గ్లాసుల చప్పుడైంది, ఫోనులో ఏదో మాటలు వినిపించాయి. కాచి చల్లార్చిన లీటరు నీళ్ళలో ఓఆర్ఎస్ పొడి పాకెట్టు మొత్తం కలిపి తెచ్చి ముందు పెట్టింది.

"ఇది పిల్లల మందు" అన్నాడు హనుమయ్య.

"కుక్కలక్కూడా పనిచేస్తుంది. కొంచెం కొంచెంగా తాగుతూ ఉండండి. వెళ్ళినప్పుడల్లా ఒంట్లో నీరూ ఉప్పూ పోతాయి, ఇది తిరిగి ఇస్తుంది. ఆ ఆపే బిళ్ళ మళ్ళీ ముట్టుకున్నారో, మనోజ్ షాపు ముందు కూర్చుని ఏడుస్తాను. ఇక బేరం సంగతి. మరిదిగారికి ఫోన్ చేశాను."

హనుమయ్య కూర్చున్నచోటునుంచి సగం లేచాడు. "చెప్పేశావా?"

"శుక్రవారం వేరే పనుంది, రేపు పొద్దున్నే తోటకి వచ్చి బేరం తెమల్చమన్నాను. మీ జబ్బు సంగతి అనలేదు. రేపు బేరం అయిన మరుక్షణం ఆసుపత్రి. ఈలోగా జ్వరం వచ్చినా, రక్తం కనిపించినా, కళ్ళు తిరిగినా, ఒంటేలు తగ్గినా బేరం లేదు, గీరం లేదు, నేరుగా ఆసుపత్రే. నాకు నిజం చెప్పాలి. ఒప్పుకున్నట్టేనా?"

ఒంట్లో అప్పటికే సన్నగా వేడి తగులుతోంది. అయినా హనుమయ్య "ఆఁ" అన్నాడు.

మర్నాడు పొద్దున్నే భార్యతో తోటకి వచ్చి, చిన్న రసాల చెట్టు వెనక కూర్చున్నప్పుడు ఎర్రగా కనిపించింది.

హనుమయ్య కొంతసేపు దాని వంకే చూశాడు. బీట్‌రూట్ తిని ఉంటాను అనుకున్నాడు. వాళ్ళింట్లో బీట్‌రూట్ వండి ఏడాది దాటింది. తాంబూలం అనుకున్నాడు. ఆయనకి ఆ అలవాటే లేదు. జీవితంలో మొదటిసారి లక్ష్మీనరసింహారావు కంటే భయపెట్టేది ఒకటి ఉందని తెలిసింది.

"చెప్పాలి" అనుకున్నాడు. అంతలో గేటు దగ్గర హారన్ వినిపించింది. ఒక్క గంట ఓపిక పడితే మూడు లక్షలు. ఎర్రదాని మీద మట్టి కప్పి, పంచె బిగించి, చెట్ల మధ్యనుంచి రాజులా నడిచాడు. రాజు కొంచెం వంగి నడిచాడు, అంతే.

లక్ష్మీనరసింహారావు తెల్ల చొక్కా, భుజాన కొత్త తువ్వాలుతో దిగాడు. వెనకే కాయలు మోసే అతని ట్రాలీ ఆటో, దాని నిండా ప్లాస్టిక్ ట్రేలు, వరిగడ్డి.

"ఏంటన్నయ్యా, సన్నబడ్డావు?"

"డైటింగు" అన్నాడు హనుమయ్య.

"వదినా, అన్నయ్యకి పెళ్ళిచూపులేమైనా పెట్టావా ఏంటి?"

"ఈ వయసులో ఈయన్ని చూడ్డానికి వచ్చేది మీరొక్కరే మరిదిగారూ" అంది ప్రమీలారాణి, మొగుడి చేతికి ఓఆర్ఎస్ గ్లాసు అందిస్తూ. తోడల్లుడు చూస్తుండగా దాన్ని నిమ్మరసంలా నవ్వుతూ తాగాల్సి వచ్చింది హనుమయ్యకి.

చెట్టు కింద మంచం వాల్చారు. పాత మామిడి బేరగాళ్ళ పద్ధతి లక్ష్మీనరసింహారావు ఇంకా వదల్లేదు. ధర నోటితో చెప్పడు. తువ్వాలు కింద ఇద్దరూ చేతులు పెట్టి వేళ్ళతో మాట్లాడుకోవాలి. ముందు పట్టే వేళ్ళు లక్షలు, తర్వాత పట్టేవి పదివేలు. నచ్చకపోతే చెయ్యి వదిలేసి మళ్ళీ పట్టాలి. నచ్చితే మొత్తం చెయ్యి కలిపి గట్టిగా నొక్కి, తువ్వాలు లాగెయ్యాలి. లాగాక ఇక మాట మారదు. ఇంకొకటి, సొంతదారు చెయ్యి తప్ప వేరే చెయ్యి తువ్వాలు కింద చెల్లదు. కిందటేడు మైలవరంలో ఎవరిదో బావమరిది చేతితో కుదిరిపోయిన బేరాన్ని లక్ష్మీనరసింహారావే ఆ మాట ఎత్తి చెడగొట్టి, తర్వాత తనే కొనుక్కున్నాడు.

తువ్వాలు పరిచాడు. చేతులు లోపలికి వెళ్ళాయి.

లక్ష్మీనరసింహారావు ఒక వేలు పట్టి, తర్వాత ఐదు వేళ్ళు పట్టి, ఇంకో నాలుగు కలిపాడు. లక్షా తొంభై. హనుమయ్య చెయ్యి విదిలించి మూడు వేళ్ళు పట్టాడు.

"వేడిగా ఉందేంటన్నయ్యా చెయ్యి?"

"మూడు లక్షల వేడి."

"ఎండలు ముదిరాయి, కాయ రాలుతుంది."

"నీ మాటలకే రాలుతుంది. మూడు."

లక్ష్మీనరసింహారావు నిట్టూర్చి, పైన ఆకుల్లోకి చూసి, చచ్చిపోయిన వాళ్ళ నాన్నని తలుచుకున్నట్టు ముఖం పెట్టి, రెండు వేళ్ళు పట్టాడు. తర్వాత ఒక్క వేలు. రెండు లక్షల పదివేలు. కదిలింది! ఇంకొంచెం లాగితే మూడుకి వస్తుందని హనుమయ్యకి ఉత్సాహం వచ్చింది.

అప్పుడే లోపల కూర్చున్న మనిషి తడిబట్టని మళ్ళీ పిండాడు.

ఈసారి మామూలు పిండటం కాదు. హనుమయ్య కళ్ళ ముందు బంగినపల్లులూ రసాలూ గిర్రున తిరిగాయి. ఏదో ఒకటి పట్టుకోకపోతే మంచం మీదనుంచి పడిపోతాడు. చేతిలో ఉన్నది తోడల్లుడి చెయ్యి. దాన్ని శక్తికొద్దీ నొక్కాడు. లక్ష్మీనరసింహారావు ఉంగరాలు కటకటలాడాయి. ఆ మీదట ఇక ఆగే వీలు లేదు. హనుమయ్య ఒక్క ఉదుటున లేచి చెట్ల వైపు పరిగెత్తాడు. లేవడంలో తువ్వాలు పంచెకి చిక్కుకుని ఆయనతోపాటే వెళ్ళిపోయింది.

"నొక్కాడు! తువ్వాలు లాగాడు!" లక్ష్మీనరసింహారావు ఎగిరి గంతేశాడు. "రెండు లక్షల పది! వదినా, నువ్వే సాక్షివి! అన్నయ్య ఆనందం పట్టలేక పరిగెత్తుతున్నాడు చూడు!"

"అది ఆనందం కాదు మరిదిగారూ" అంటూ ప్రమీలారాణి వెనకే పరిగెత్తింది.

కలెక్టరు చెట్టు మొదట్లో హనుమయ్య పడి ఉన్నాడు. పెదవులు ఎండిపోయి, చేతులు చల్లగా, పిలిస్తే "మూడు... మూడు..." అంటున్నాడు. పక్కనే నేల మీద ఎరుపు చూసింది ప్రమీలారాణి. ఆవిడ అరుపు తోటంతా వినిపించింది.

"బండి తియ్యండి! ట్రేలు దించండి! ఇప్పుడే!"

బేరం ముగిసిన మామిడికాయని ఎలా తీసుకెళ్తారో హనుమయ్యనీ అలాగే తీసుకెళ్ళారు. అడుగున వరిగడ్డి, పైన గోనె పట్టా. దారి పొడవునా ప్రమీలారాణి చెంచాతో ఓఆర్ఎస్ నోట్లో పోస్తూనే ఉంది. ముందు సీట్లోంచి లక్ష్మీనరసింహారావు "పాపం" అన్నాడు. హనుమయ్యకి స్పృహ సగమే ఉంది, ఆ మాట వినగానే మిగతా సగం కూడా వచ్చేసింది.

నూజివీడు ఆసుపత్రిలో డాక్టరు శిరీష సెలైన్ పెట్టించి, పొట్ట నొక్కి చూసింది.

"ఎన్ని రోజులుగా?"

"రెండు మూడు..." అన్నాడు హనుమయ్య.

"వారాలు" అని పూర్తిచేసింది ప్రమీలారాణి.

"రక్తం?"

హనుమయ్య గోడ వైపు తిరిగాడు. "పొద్దున... కొంచెం."

"జ్వరం?"

"నిన్నటినుంచి. అది కూడా కొంచెమే."

"ఒంటేలు?"

"నిన్నటినుంచి వెళ్ళలేదండీ."

ప్రమీలారాణి పైట చెంగుతో కళ్ళు తుడుచుకుంది. పాతికేళ్ళ కాపురంలో ఆవిడ తిట్టిన ఏ తిట్టూ హనుమయ్యకి అంతగా తగల్లేదు.

"ఆపే బిళ్ళలు వేసుకున్నారా?" అంది డాక్టరు.

"ఆయన కాదు డాక్టరుగారూ, మా కుక్క" అంది ప్రమీలారాణి గొంతు సవరించుకుని.

కథంతా విన్నాక డాక్టరు నవ్వలేదు. "బాబాయ్‌గారూ, లోపల పురుగు చేరితే పేగు దాన్ని కడుక్కోవడానికి చూస్తుంది. మీరు తలుపుకి గడియ పెట్టారు. మామూలుగా పట్టుకున్నది ఓఆర్ఎస్, గంజి, పెరుగన్నంతో రెండు మూడు రోజుల్లో తగ్గాలి. తగ్గకపోతే చూపించుకోవాలి. రక్తం, జ్వరం, కళ్ళు తిరగడం, తట్టుకోలేని నొప్పి, ఒంటేలు పోకపోవడం, నిద్రలోంచి లేపేంత విరేచనం, మనిషి సన్నబడిపోవడం, వీటిలో ఏది కనిపించినా అదే రోజు రావాలి. ఇంకో పూట ఆలస్యమైతే కిడ్నీలు దెబ్బతినేవి. ఏ నీళ్ళు తాగారు?"

"మా తోట నీళ్ళేనండీ. తొట్టివి."

"అందులో కోతులు స్నానం చేస్తాయండీ" అంది ప్రమీలారాణి. "ఈయన వాటిని కాపలా కాస్తున్నానన్నారు. మరి ఎవరు ఎవరికి కాపలా కాశారో!"

పరీక్ష కోసం నర్సు మెర్సీ ఒక చిన్న డబ్బా ఇచ్చి, విరేచనం కొంచెం పట్టి తెమ్మంది. ఇన్నాళ్ళూ అడక్కుండానే వచ్చింది, అడిగితే మాత్రం రానంది. హనుమయ్య డబ్బా పట్టుకుని ఆ పూటంతా దీక్షగా కూర్చున్నాడు. మెర్సీ వచ్చి చూసినప్పుడల్లా "ఇంకా లేదండి" అని మార్కులు తక్కువొచ్చిన పిల్లాడిలా తల దించుకున్నాడు. చివరికి సాధించాడు. పరీక్షలో అమీబా అని తేలింది. సరైన మందు మొదలుపెట్టారు.

మర్నాటికి ముఖంలో కళ వచ్చింది. గంజి రెండు గుక్కలు తాగి వెనక్కి వాలాడో లేదో, గుమ్మంలో బత్తాయిల సంచీ కనిపించింది. దాని వెనకే లక్ష్మీనరసింహారావు.

"పాపం అన్నయ్యా" అన్నాడు. దుప్పటి సర్దాడు. జేబులోంచి నోట్ల కట్ట తీశాడు. "ఇదిగో అడ్వాన్సు. రెండు లక్షల పది. నొక్కింది నువ్వే, తువ్వాలు లాగిందీ నువ్వే."

హనుమయ్య నోట్ల కట్ట వంక చూశాడు. దేనికి భయపడి ప్రాణం మీదికి తెచ్చుకున్నాడో, సరిగ్గా అదే మంచం పక్కన స్టూలు లాక్కుని కూర్చుంది. కాదనడానికి లేదు, తువ్వాలు తనే లాగాడు. నీరసంగా చెయ్యి చాచబోయాడు.

"ఉండండి" అంది ప్రమీలారాణి. "మరిదిగారూ, మీ అన్నయ్య మీకు ఏ తోట అమ్మారు?"

"అదేంటొదినా, మన తోటే."

"మన అంటే ఎవరిది?"

"మామగారిచ్చింది..."

"ఎవరికిచ్చారు?"

లక్ష్మీనరసింహారావు బత్తాయి ఒకటి తీసి దాన్ని చాలా శ్రద్ధగా చూశాడు.

"నాకిచ్చారు. మీ ఆవిడకి ఇచ్చినట్టే. సొంతదారు చెయ్యి తప్ప తువ్వాలు కింద ఇంకో చెయ్యి చెల్లదని మైలవరంలో అన్నది మీరే కదా? నిన్న మీ చేతిలో ఉన్నది సొంతదారు చెయ్యి కాదు. సొంతదారు మొగుడి చెయ్యి. అది కూడా కడుపునొప్పితో నొక్కింది."

హనుమయ్య చాచబోయిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. పాతికేళ్ళుగా "నా తోట" అంటున్నాడు. ఆవిడ ఏనాడూ దిద్దలేదు. ఆయన మర్చిపోయాడు. ఆవిడ మర్చిపోలేదు, అంతే తేడా.

"సరే వదినా" లక్ష్మీనరసింహారావు భుజం మీది తువ్వాలు తీశాడు. "అయితే నువ్వే చెయ్యి పెట్టు."

"తువ్వాలెందుకు? నోటితో చెప్పండి. ఈ వార్డులో ఉన్నవాళ్ళంతా తోటల వాళ్ళే. వింటారు."

అప్పటికే విన్నారు. పక్క మంచం మీద మూత్రపిండంలో రాయితో పడుకున్న మైలవరం వ్యాపారి పెద్దిరాజు మోచేతి మీద లేచాడు. "ఏం రకాలమ్మా?"

"సగం బంగినపల్లి. మిగతావి చిన్న రసాలు, కలెక్టరు."

"రెండున్నర ఇస్తాను."

"ఏమయ్యా, నొప్పితో పడుకున్నవాడివి నీకెందుకు?" అన్నాడు లక్ష్మీనరసింహారావు.

"రాయి కడుపులో ఉంది. డబ్బు జేబులోనే ఉంది."

"రెండు అరవై!"

"డెబ్బై ఐదు!"

"కిందటేడు నా మేనల్లుడి బేరం చెడగొట్టింది ఇతనే, తగ్గకు పెద్దిరాజూ!" అని కిటికీ పక్కనుంచి జ్వరం మనిషొకాయన దుప్పటి తీసేసి అరిచాడు. సెలైన్ స్టాండులు ఊగాయి. మెర్సీ పరిగెత్తుకొచ్చింది.

"ఇది వార్డా, మార్కెట్ యార్డా? అందరూ పడుకోండి!"

"ఒక్క నిమిషం అమ్మా, మూడు దగ్గరుంది" అన్నాడు పెద్దిరాజు పడుకుంటూనే.

లక్ష్మీనరసింహారావుకి చెమటలు పట్టాయి. తన తోటని ఆనుకుని ఉన్న కాపు మైలవరం వాడికి పోతే, సాయంత్రం ఇంట్లో పెళ్ళానికి ఏం చెప్పాలి? "మూడు లక్షల పది!" అని గట్టిగా అరిచి, తర్వాత తన నోరు తనే మూసుకున్నాడు.

"ఇచ్చేశాను" అంది ప్రమీలారాణి. అడ్వాన్సు తీసుకుని కొంగున ముడేసుకుంది. "బత్తాయిలు కూడా అక్కడే పెట్టండి. డాక్టరుగారు ఈయనకి ఇంకో రెండు రోజులు పళ్ళు వద్దన్నారు, ఆ తర్వాత మేం తింటాం."

హనుమయ్య సెలైన్ సూది సంగతి మర్చిపోయి లేచి కూర్చున్నాడు. "నేను మూడే అనుకున్నానే!"

"మీరు చెట్ల చాటున కూర్చుని అనుకున్నారు. నేను నలుగురి ముందు అడిగాను. పడుకోండి. గంజి చల్లారుతోంది."

ఇంటికి వచ్చాక తొట్టికి మూత వేయించారు. హనుమయ్య ఇప్పుడు బాటిల్ నీళ్ళే తాగుతాడు. కాళ్ళు తొట్టి నీళ్ళతో కడుక్కుంటాడు. కుక్కని నిజంగానే పెంచుకుంటున్నారు, కోతుల కోసం. దానికి మనోజ్ అని పేరు పెడదామని ఆయన అంటే ప్రమీలారాణి ఒప్పుకోలేదు.

పొద్దున్నే పళ్ళు తోముకుంటుంటే మాత్రం ఏమీ తోచడం లేదు. తోడల్లుడిని తిడదామంటే, మూడు లక్షలు వస్తాయనుకున్న కాపు మూడు పదికి పోయింది, అది కూడా తను బేరం చెయ్యకుండా. ఒకరోజు గోడ అవతలనుంచి పెద్దాయనెవరో పలకరించాడు.

"ఏం హనుమయ్యా, నీ తోట మంచి ధర పలికిందటగా?"

హనుమయ్య నోట్లో నురగ ఉమ్మేశాడు. లోపల వంటింట్లో గిన్నె చప్పుడు ఆగిపోయింది. ఆవిడ వింటోంది.

"మా ఆవిడ తోటండీ" అన్నాడు.

ఆ ఒక్క జబ్బులో హనుమయ్య పోగొట్టుకున్నది, సిమెంటు తొట్టీ, వెనక కూర్చున్న ప్రతి చెట్టూ కలుపుకుని, మూడెకరాల నలభై సెంట్లు.